కూలి చీటీలో ఏడో పేరు

షెట్లాండ్ పైకొసన
మ్యాపు మీద దుమ్ము మరకలా కనిపించే దీవి మాది.
పందొమ్మిదేళ్ళ తర్వాత పడవ దిగాను
సినిమావాళ్ళతో. బట్టల బాధ్యత నాది.
దయ్యాల సినిమా. వెళ్ళిపోయిన కూతురు తిరిగొస్తే
ఊరు ఆమెను ఏం చేస్తుందన్నది కథ.
దర్శకుడు గ్లాస్గో కుర్రాడు, గొర్రెల్ని చూసినా జడుసుకుంటాడు.
"నీ సొంతూరే కదా ఓస్లా, నీకన్నీ తెలుసు" అన్నాడు.
తెలుసు.

ఓట్ల గడ్డి ముందురోజే నానెయ్యాలి,
లేకపోతే పేనేటప్పుడు విరిగి వేళ్ళు కోస్తుంది.
నడుముకో కుచ్చిళ్ళ లంగా, భుజాలకో తొడుగు,
నెత్తిన కొనదేలిన టోపీ, మొహానికి తెల్లగుడ్డ.
కళ్ళకు చిల్లులుండవు. నేత పల్చన, అంతే.
చలికాలం మొదట్లో ఇలా కట్టుకుని
ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు మావాళ్ళు.
గొంతు గుర్తుపట్టకుండా
ఊపిరి లోపలికి లాగుతూ మాట్లాడతారు.
మీరూ ఒకసారి మాట్లాడి చూడండి.
మాట బయటికి పోదు,
మీరే దాన్ని మింగుతున్నట్టుంటుంది.
ఎవరెవరో ఇంటామె పోల్చాలి.
పోల్చలేకపోతే చేతిలో డబ్బు పెట్టి పంపాలి.

ఆరుగురిని కుదిర్చాను, రాత్రికి ఎనభై పౌండ్లు.
లౌరీ, కోళ్ళ సిన్నీ, ఒంటిచెవి గిబ్బీ,
టల్లక్ కవలలు, ముసలి గిర్జీ.
నా చేతిలో కొలతల టేపు చూసి గిర్జీ నవ్వింది.
"ఎందుకే అది? గడ్డి ఎవరికైనా సరిపోతుంది."
టీ ఇచ్చారు. చక్కెర ఎంతని అడగలేదు,
గుర్తుంది వాళ్ళకి.
మాగ్నీ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.
పండక్కి తప్ప తియ్యని పింగాణీలా
ఎక్కడో పైఅరలో పెట్టేసినట్టున్నారు.

మాగ్నీ మా అన్న.
నవంబరులో, ఎండ్రకాయల బుట్టలు లాగడానికి వెళ్ళాడు.
పడవ దొరికింది. ఇంజనుకేం కాలేదు.
ట్యాంకు మాత్రం ఖాళీ.
పెట్రోలుకని బిస్కట్ల డబ్బాలో దాచిన పన్నెండు పౌండ్లు
ఆ పొద్దున నా జేబులో ఉన్నాయి,
అవతలి రేవుకి టికెట్టు కొనుక్కుని.
ఈ మాట ఇంతవరకూ ఎక్కడా రాయలేదు నేను.
ఇక్కడ రాసి పెన్ను కింద పెట్టి
మళ్ళీ తీసుకున్నాను.

ఆఖరి రాత్రి షూటింగు. పీటు మంట పొగ. బయట గాలి
తలుపు గడియను పళ్ళతో పట్టి లాగుతోంది.
గడ్డి మనుషులు ఒకరి వెనక ఒకరు లోపలికొచ్చారు.
నేలంతా సరసరమంది.
హీరోయిన్ వణికింది, బాగా వణికింది.
నేను కెమెరా పక్కన సూదీ దారం పట్టుకుని
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
మళ్ళీ లెక్కపెట్టాను.

చివర వచ్చిన గడ్డి నేను నానేసింది కాదు.
నల్లబడింది, కింద నీళ్ళు కారుతున్నాయి.
అది హీరోయిన్ వైపు తిరగలేదు.
లైట్లు దాటి, వైర్లు దాటి వచ్చి
నా ముందు చెయ్యి చాపింది.
ఊపిరి లోపలికి లాగుతూ
"పిచికా" అంది.
ఆ పేరుతో నన్ను పిలిచేవాడు ఒక్కడే.

"కట్!" అన్నాడు దర్శకుడు.
అందరూ ఊపిరి వదిలారు.
ఒకరు తప్ప.
అది లోపలికి లాగుతూనే ఉంది.

"అద్భుతం! ఎవరతను? సంతకం పెట్టించు" అని
కూలి చీటీ నాకిచ్చాడు.
ఆరు పేర్ల కింద ఏడోది రాశాను.
ఎనభై అని రాయబోయి
పన్నెండు రాశాను.
గిర్జీ గుడ్డ తీసి చెమట తుడుచుకుంటూ
ఆ అంకె చదివింది. ఏమీ అనలేదు.

తెల్లారి పడవకి సినిమావాళ్ళంతా వెళ్ళారు.
నేనూ పెట్టె సర్దుకుని రేవుకి నడుస్తుంటే
గిర్జీ పెరట్లో తొట్టి కనిపించింది,
అంచులదాకా నీళ్ళు,
నీళ్ళలో తాజా గడ్డి.
ఎవరికని అడిగాను.
నా కొలతలు ఆమె అడగలేదు.